కూరగాయల చెత్త నుంచి వంట గ్యాస్

పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో వ్యర్థాల మాట వస్తే నక్కవాగు, ఇసుకవాగులను పాడుచేసిన రసాయన జలాలే ముందుగా గుర్తుకు రావడం సహజమే గాని, అక్కడి కూరగాయల సంతలు, కర్మాగారాల క్యాంటీన్లు, హాస్టళ్లలో మిగిలిపోయే తొక్కలు, కుళ్లిన టమాటాలు, ఎంగిలి అన్నం వంట ఇంధనానికి మంచి ముడిసరుకు. ఇందుకు నిదర్శనం సికింద్రాబాద్ సమీపంలోని బోయిన్‌పల్లి మార్కెట్‌లోనే ఉంది.

తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో శాస్త్రవేత్త గంగాగ్ని రావు బృందం రూపొందించిన విధానంతో ఆ మార్కెట్‌లో నెలకొల్పిన ప్లాంటు, రోజుకు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల జీవ ఇంధనాన్ని ఇస్తున్నట్లు 2021 జనవరి 31న ప్రధాని ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. ఆ విద్యుత్తుతో మార్కెట్ దీపాలు వెలుగుతుండగా, ఆ ఇంధనంతో క్యాంటీన్‌లో వంట సాగేది. చెత్తను యంత్రంలో ముక్కలు చేసి, నీటితో జావలా కలిపి, గాలి చొరబడని డైజెస్టర్ అనే తొట్టిలోకి పంపితే, సూక్ష్మజీవులు దానిని మొదట ఆమ్లాలుగా, ఆపైన మండే మీథేన్‌గా, మండని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. మిగిలే స్లర్రీ, అంటే పలుచని ద్రవం, పొలానికి ఎరువవుతుంది.

ఈ వాయువుల మిశ్రమమైన బయోగ్యాస్ ఒక ఘనపు మీటరు దాదాపు మూడున్నర కిలోల వంటచెరకు చేసే పని చేస్తుంది. కట్టెల పొయ్యిలో వేడి చాలావరకు గిన్నెకు తగలకుండానే పోవడం ఇందుకు ఒక కారణం. అలా మిగిలిన ప్రతి మోపూ చెట్టుపై పడే గొడ్డలి దెబ్బను తగ్గిస్తుంది. సంగారెడ్డి జిల్లా చేలలో మిగిలే పత్తి కట్టె, కంది కట్టెలది మరో దారి: వాటిని పొడిచేసి అధిక పీడనంతో నొక్కితే, కలపలోని లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడి జిగురులా పట్టుకోవడంతో బ్రికెట్లు అనే ఇంధన దిమ్మెలు తయారై, బాయిలర్లలో కట్టెకు బదులుగా మండుతాయి.

తడిచెత్తలో అధికభాగం నీరే కాబట్టి దూరం మోస్తే డీజిల్ ఖర్చు గ్యాస్ విలువను మింగేస్తుంది. చెత్త పుట్టినచోటే, వంట జరిగేచోటే ప్లాంటు ఉంటేనే ఆ గ్యాస్ చవక. అంతకన్నా ముఖ్యంగా, రసాయన పరిశ్రమల బురద తడిచెత్తలో కలిస్తే మీథేన్ పుట్టించే జీవులు దెబ్బతిని, స్లర్రీ సైతం విషతుల్యం కాగలదు. అందువల్ల ఈ ప్రాంత మున్సిపాలిటీలు, పరిశ్రమల యాజమాన్యాలు ప్లాంటుకు టెండర్లు పిలవడానికి ముందే, ప్రతి క్యాంటీన్ గుమ్మం వద్ద తడిచెత్త డబ్బాను వేరు చేయించాలి.