తాజా పండుగప్ప దొరికిన నాడు



చేపల కూర అనగానే పట్నం ఇళ్లలో చాలామందికి రెండు భయాలు. ఒకటి నీచు వాసన, రెండోది ముల్లు. ఈ రెండు బాధలూ తక్కువగా ఉండే చేప పండుగప్ప. ఇంగ్లీషువారు దీన్ని సీ పెర్చ్ అనీ, సీ బాస్ అనీ అంటారు. కలకత్తావారి భేట్కీ ఇదే. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ కూడా తిరుగుతుంది. ఇప్పుడు చెరువుల్లోనూ పెంచుతున్నారు. నడిమి ముల్లూ పక్కటెముకలూ తీసేస్తే, కట్లలోనూ శీలావతిలోనూ ఉన్నట్టు కండ మధ్య సన్నముళ్లు ఇందులో ఉండవు. అయినా సరే, పిల్లలకు పెట్టే ముక్కను వేళ్లతో ఒకసారి చిదిమి చూసి మరీ పెట్టండి.

ధర మాత్రం తక్కువేమీ కాదు. అంత డబ్బు పోసి కొన్నాక దాన్ని గరం మసాలాలో ముంచేస్తే ఇంకేం రుచి తెలుస్తుంది చెప్పండి? తాజా చేపకు ఉప్పు, పులుపు, కారం చాలు.

అయితే అది నిజంగా తాజాదేనా? మొహమాటపడకుండా మొప్ప ఎత్తించి చూడండి. ఎర్రగా, తడిగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉండాలి. కండను వేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడిపోవాలి. మొప్ప గోధుమ రంగుకు తిరిగి, కన్ను లోపలికి పోయిన చేపను ఎంత చింతపండు పోసినా బాగుచేయలేము. వాంతులూ విరోచనాలూ కొని తెచ్చుకున్నట్టే.

వీలైతే పొలుసు అక్కడే తీయించండి. ఇంట్లో చేసుకునేవారు జాగ్రత్త, వీపు మీది ముళ్లే కాదు, దీని మొప్ప మీది రేకు అంచు కూడా చెయ్యి కోసేస్తుంది. కడుపు శుభ్రం చేశాక వెన్నుముల్లు వెంబడి గడ్డకట్టిన నెత్తురు ఉంటుంది. దాన్ని గోకి తీసేయాలి. నీచంతా చాలామట్టుకు అక్కడిదే. తరువాత కళ్లుప్పు, పసుపుతో రుద్ది కడిగి, నిమ్మరసం రాసి పావుగంట ఉంచితే చాలు.

ఇక పులుసు. కిలో ముక్కలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, మూడు ఉల్లిపాయలు, మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి తీసుకోండి. వెడల్పాటి గిన్నెలో నూనె కాచి, చిటికెడు మెంతులు వేసి, నూరిన ఉల్లి ముద్దను నూనె తేలేదాకా ఓపికగా వేయించండి. అల్లం వెల్లుల్లి ఒక్క చెంచా చాలు. కారం, ధనియాల పొడి, పసుపు, ఉప్పు వేసి చింతపండు రసం పొయ్యండి. ముందు పులుసు ఒక్కటే పది నిమిషాలు తెర్లి చిక్కబడాలి. చాలామంది ఇక్కడే తొందరపడి ముక్కలు వేసేస్తారు. పులుసు ఉడికేలోగా ముక్క చితికిపోతుంది. చిక్కబడ్డాక ముక్కలు ఒకే వరసగా పేర్చండి. అంతే, గరిటె మరి ముట్టవద్దు! గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని కుదపండి. ఎనిమిది, పది నిమిషాలలో కండ తెల్లబడి ముల్లును వదులుతుంది. కరివేపాకు, రెండు చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి దించండి. రెండు గంటలు ఆగి తింటే ముక్కకు పులుపు పడుతుంది.

వేపుడుకైతే ముక్కల తడి గుడ్డతో అద్ది, ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పెనం మీద వేయండి. అడుగు ఎర్రబడేదాకా అట్లకాడ పెట్టకండి. ఎర్రబడితే తనంతట తనే వదులుతుంది.

బెంగాలీలు దీన్ని పాతూరి చేస్తారు. మన ఆవపెట్టిన కూర తెలిసినవారికి అది కొత్తేమీ కాదు. ఆవాలు, పచ్చిమిర్చి, కొబ్బరి కాస్త ఉప్పు వేసి నూరి, ముల్లు లేని ముక్కలకు పట్టించి, ఆవనూనె చుక్క వేసి, సెగ చూపిన అరటాకులో పొట్లం కట్టి ఇడ్లీ పాత్రలో పావుగంట ఆవిరి పట్టండి. ఆవనూనె వాసన గిట్టనివారు నువ్వులనూనె వాడుకోవచ్చు.

తలకాయ పారేయకండి. రెండు చెక్కలు చేయించి పులుసులోనే వెయ్యండి, ఇంట్లో దానికోసం పోటీ పడేవారు ఒకరిద్దరు ఉండనే ఉంటారు. మిగిలిన పులుసు చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు తినబోయే ముందు ఒకసారి బాగా మరగనిచ్చి వడ్డించండి.