రంగు చూసి కాదు, రేకు చూసి

ఇంగ్లండ్‌లో పాత ఎమ్‌జీబీ స్పోర్ట్స్ కారు కోసం ప్రకటనలు వెతికితే ఒకే ఏడాది తయారై, ఒకే ఎరుపు రంగులో ఉన్న రెండు బండ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాని ధర రెండోదానికి మూడింతలు ఉంటుంది. ఫొటోల్లో రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. ఆ తేడా ఎక్కడిదో తెలియనివాళ్లు చవకదాన్ని పట్టుకుంటారు. రెండేళ్లు తిరిగేసరికి ఖరీదైనదానికి పెట్టాల్సిన డబ్బు కంటే ఎక్కువే పెట్టి ఉంటారు. పాత స్పోర్ట్స్ కారుకి న్యాయమైన ధర కట్టడం నేర్చుకోవాలంటే ఎమ్‌జీబీని మించిన బండి లేదని నా అభిప్రాయం. ఎందుకంటే దీని ధర దేనిమీద ఆధారపడుతుందో కళ్లతో చూసి, చేత్తో తట్టి తెలుసుకోవచ్చు.

ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఈ బండి తయారైంది. రోడ్‌స్టర్, పైకప్పు ఉన్న జీటీ కలిపి 5 లక్షలు దాటాయి. ఎక్కువ భాగం అమెరికా వెళ్లాయి. కాబట్టి ‘అరుదైన బండి’ అని ఎవరైనా ధర పెంచి చెబితే ఆ మాటను పక్కన పెట్టేయొచ్చు. నిజంగా అరుదైనవి వేరే ఉన్నాయి. 1973 నుంచి 1976 వరకు రోవర్ 3.5 లీటర్ల ఇంజనుతో వచ్చిన జీటీ వీ8 బండ్లు 2,591 మాత్రమే. వాటి లెక్క వేరు. మామూలు ఎమ్‌జీబీ ఈ రోజు నచ్చకపోతే వచ్చే వారం ఇంకొకటి అమ్మకానికి వస్తుంది. కొనేవాడి చేతిలో ఉన్న మొదటి బలం అదే.

ముందుగా మార్కెట్ ధర తెలియాలి. ప్రకటనలో రాసిన అంకె అమ్మేవాడి ఆశ మాత్రమే. ఆరు నెలలుగా అదే ప్రకటన కదలకుండా ఉంటే ఆ ధరకి ఎవరూ కొనలేదని అర్థం. అందుకే వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. అక్కడ కూడా పాట ఆగిన అంకె మీద కొనేవాడు కట్టే కమిషన్ కలిసిందో లేదో చూసుకోవాలి. హ్యాగర్టీ లాంటి సంస్థలు బండి స్థితిని 1 నుంచి 4 వరకు విడగొట్టి ధరలు ప్రచురిస్తాయి. ఒకటో రకం అంటే ప్రదర్శనల్లో బహుమతులు గెలిచే స్థాయి. అమ్మేవాళ్లలో చాలామంది తమ బండి రెండో రకమని నమ్ముతారు. నిజాయతీగా చూస్తే ఎక్కువ బండ్లు మూడులోనో నాలుగులోనో తేలతాయి. ఒక్క మెట్టు తేడాకే ధర గణనీయంగా మారుతుంది. మనం చూస్తున్న బండి ఏ మెట్టుదో తేల్చేది రంగు కాదు, దాని కింది రేకు.

ఎమ్‌జీబీకి విడిగా ఛాసిస్ ఉండదు. అంతకుముందు వచ్చిన ఎమ్‌జీఏలో ఛాసిస్ మీద బాడీ కూర్చునేది. ఇందులో బాడీయే ఛాసిస్ పని చేస్తుంది. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ముందు సగాన్నీ వెనక సగాన్నీ పట్టి నిలిపేవి ముఖ్యంగా తలుపుల కింద పొడవునా సాగే సిల్లులు. ఒక్కో సిల్లులో చాలా రేకులుంటాయి. బయట ఒకటి, లోపల ఒకటి, రెండింటి మధ్య నిలువుగా నిలబెట్టినది ఇంకొకటి, అడుగున క్యాజిల్ రైల్ అనేది మరొకటి. ముందు చక్రం ఎగజిమ్మిన బురద దాని పైనున్న వింగు (మడ్‌గార్డు) వెనక మూలలో పేరుకుంటుంది. చలికాలంలో బ్రిటన్ రోడ్ల మీద చల్లే ఉప్పు అందులో కలుస్తుంది. ఆ తడి బురద ఏళ్ల తరబడి అక్కడే ఉండి సిల్లును లోపలి నుంచి తినేస్తుంది. బయట రంగు కింద చిన్న బుడగ కనిపించేసరికి మధ్య రేకు చిల్లులు పడి ఉంటుంది.

దీన్ని సరిగ్గా బాగుచేయాలంటే బాడీ కుంగకుండా ఆసరా పెట్టాలి, వింగుల కింది భాగాలు కోయాలి, పుచ్చిన రేకులన్నీ తీసి కొత్తవి వెల్డింగ్ చేయాలి, ఆ తర్వాత వింగులు మళ్లీ అతికి రంగు వేయాలి. రేకుల ఖరీదు పెద్దగా ఉండదు. పని గంటలే డబ్బంతా మింగుతాయి. అందుకే కొందరు పాత సిల్లు మీదే కొత్త రేకు ఒకటి కప్పి, పుట్టీ పూసి, రంగు కొట్టి అమ్మేస్తారు. పైన పటారం, లోన లొటారం. అలాంటి బండి ప్రమాదంలో ఎలా నలుగుతుందో తలుచుకుంటే, ఇది డబ్బు నష్టంతో ఆగే మోసం కాదని తెలుస్తుంది.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. తలుపు మూసి, దాని వెనక అంచుకీ వింగుకీ మధ్య ఉన్న సందును పై నుంచి కింది దాకా చూడండి. పైన ఇరుకై కింద వెడల్పయితే బాడీ నడుము దగ్గర కుంగింది. ఆసరా లేకుండా సిల్లులు కోసి అతికిన బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. తర్వాత జాకీతో బండిని లేపించి అదే సందును మళ్లీ చూడండి. సందు మారినా, తలుపు తెరిచేటప్పుడు పట్టేసినా, సిల్లులో బలం లేదు. పలచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్లు పొడవునా జరపండి. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. ముందు వింగు సిల్లుతో కలిసే చోట అతుకు గీత కనిపించాలి. అక్కడ నున్నగా పూడ్చేసి ఉంటే ఎందుకు పూడ్చారని అడగండి. సీట్ల వెనక తివాచీ ఎత్తి బ్యాటరీ పెట్టెల్లోకి టార్చి వేయండి. వెనక స్ప్రింగులు బాడీకి తగులుకునే చోట్లు, ఫ్లోరు అంచులు కూడా వదలొద్దు.

ఇంజను గురించి ఇంత బెంగ అక్కర్లేదు. 1798 సీసీ బీ-సిరీస్ ఇంజను మొరటుది, గట్టిది. మన అంబాసిడర్‌లో దశాబ్దాలు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఆ కుటుంబానిదే కాబట్టి, దాని స్వభావం మన పాత మెకానిక్కులకి కొత్త కాదు. బాగా వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ 50 పౌండ్లకు తగ్గకుండా ఉండి, నీలి పొగ రాకపోతే చాలు. ఓవర్‌డ్రైవ్ పనిచేయకపోతే చాలాసార్లు వైరింగ్ లోపమే కారణం. ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్లకు గ్రీజు పెడుతూ వచ్చారా అని అడగండి. తీగ చక్రాలుంటే ఇరుసు పళ్లు అరిగాయేమో చూడండి. స్పేర్లన్నీ నేటికీ దొరుకుతాయి కాబట్టి ఈ లోపాలకు ధరలో తగ్గింపు అడగొచ్చు కానీ వీటి కోసం మంచి బాడీ ఉన్న బండిని వదులుకోకూడదు.

ఇప్పుడు లెక్క. అంకెలు ఉదాహరణకే. గట్టి బాడీతో, నడుస్తున్న రోడ్‌స్టర్ మీ ప్రాంతంలో 12,000 పౌండ్లకు అమ్ముడవుతోందనుకుందాం. మీరు చూసిన బండికి ఇంజను బాగుంది, సిల్లులు రెండువైపులా పోయాయి. నమ్మకమైన షెడ్డులో అడిగితే వెల్డింగ్‌కి 5,000, రంగుకి 4,000 అన్నారు. కోస్తే ఇంకేం బయటపడుతుందో తెలియదు కాబట్టి ఇంకో 1,000 పక్కన పెట్టాలి. మిగిలింది 2,000. అమ్మేవాడు 7,000 అడుగుతుంటే అది చవక బండి కాదు, 17,000 పౌండ్ల బండి. అదే ఇంకొకరి దగ్గర బాడీ గట్టిగా ఉండి ఇంజను బోరుకొచ్చిన బండి ఉంది. బాగుచేతకి 3,000 అవుతుందంటే దానికి 9,000 ఇవ్వడం న్యాయమే. మొదటి బండి మెరుస్తూ స్టార్ట్ అవుతుంది, రెండోది పొగ కక్కుతుంది. నేనైతే రెండోదే కొనమంటాను.

అమ్మేవాళ్లు తరచూ బిల్లుల ఫైలు చూపించి, ‘దీనికి ఇంత పెట్టాను’ అంటారు. ఆ ఫైలును శ్రద్ధగా చదవండి కానీ దాని మొత్తాన్ని ధరగా ఒప్పుకోకండి. బాగుచేతకు పెట్టిన డబ్బు అమ్మకంలో పూర్తిగా తిరిగి రావడం ఈ బండ్లలో అరుదు. ఫైలు విలువ వేరే ఉంది. సిల్లులు కోసినప్పుడు తీసిన ఫొటోలు అందులో ఉంటే ఆ పని ఎలా జరిగిందో తెలుస్తుంది. ఫొటోలున్న బండికి నేను నిస్సందేహంగా ఎక్కువ ఇస్తాను. కొన్ని బండ్లకు ఏకంగా కొత్త బాడీయే వేసి ఉంటారు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులతో 1988 నుంచి ఎమ్‌జీబీ బాడీలు తయారు చేసింది. దానికి రుజువు ఉంటే ధర పెరగడం సబబే.

బ్రిటన్‌లో ఇంకో సాక్ష్యం ఉచితంగా దొరుకుతుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదో కాదో చూసే ఎమ్‌ఓటీ పరీక్షల చరిత్ర 2005 నుంచి కనిపిస్తుంది. ఏ ఏడాది ఎక్కడ తుప్పు పట్టిందని ఫెయిల్ చేశారో, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగిందో అందులో ఉంటుంది. 40 ఏళ్లు దాటిన బండ్లకు 2018 మే నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయిస్తూ వచ్చిన యజమాని దగ్గర కొనడం మేలు. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌లో తయారైన తేదీ, మొదటి రంగు, ఇంజను నంబరు, ఏ దేశానికి పంపారన్నది ఉంటాయి. అమెరికాకు వెళ్లి తిరిగొచ్చిన బండి అని తెలిస్తే భయపడనక్కర్లేదు. పొడి రాష్ట్రాల్లో తిరిగిన బాడీ ఇంగ్లండ్ బాడీకన్నా గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ.

ధరను మార్చేవి ఇంకా ఉన్నాయి, బంపర్లు. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం క్రోమ్ బంపర్లు తీసేసి నల్లటి రబ్బరు బంపర్లు పెట్టారు, బండిని కాస్త ఎత్తు చేశారు. మలుపుల్లో పట్టు తగ్గింది. 1976లో చేసిన మార్పులతో కొంత మెరుగైంది. అయినా రబ్బరు బంపర్ల బండ్లు ఇప్పటికీ తక్కువ ధరకే వస్తున్నాయి. నడుపుకోవడానికి కొనేవాళ్లకు నా సలహా: పుచ్చిన క్రోమ్ బంపర్ బండికన్నా గట్టి రబ్బరు బంపర్ బండి తీసుకోండి.

బేరం ఆడేటప్పుడు లోపాల జాబితా, షెడ్డువాళ్లు చెప్పిన అంకెలు కాగితం మీద రాసుకుని యజమాని ముందు పెట్టండి. ఇష్టంగా చూసుకున్నవాళ్లు నొచ్చుకుంటారు, కాబట్టి బండిని తీసిపారేసినట్టు మాట్లాడొద్దు. జాకీ వేయనివ్వని చోట బేరమే వద్దు. ధర కుదిరాక ఇన్సూరెన్స్ కంపెనీతో ముందే విలువ ఒప్పందం చేసుకుని, ఫొటోలతో సహా పాలసీలో రాయించండి. లేకపోతే బండి పోయిన రోజున మార్కెట్ ధర ఎంతో వాళ్లే తేలుస్తారు, సిల్లులు గట్టివని అప్పుడు నిరూపించడానికి బండి ఉండదు.