పింఛను రాష్ట్రానిది, పన్ను కేంద్రానిది

రిటైరైన ఉద్యోగి చేతికొచ్చే డబ్బులో ఎంత భాగానికి పన్ను పడుతుందన్నది మొత్తాన్ని చూస్తే తేలదు. ఆ డబ్బు ఏ పేరుతో వచ్చింది, ఎవరిచ్చారు అన్నవి చూస్తేనే తేలుతుంది. అమలాపురం పక్కనున్న బండారులంకలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా రిటైరైన మనిషికి పింఛను ఇచ్చేది రాష్ట్ర ఖజానా, దానిమీద పన్ను వేసేది కేంద్రం. రాజ్యాంగం ఏడో షెడ్యూలు వ్యవసాయేతర ఆదాయంపై పన్నును కేంద్ర జాబితాలో 82వ అంశంగా పెట్టింది. వ్యవసాయ ఆదాయంపై పన్ను రాష్ట్ర జాబితాలో 46వ అంశం. కేంద్రం వసూలు చేసి పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు, ఆ భాగంలో 4.047 శాతం ఆంధ్రప్రదేశ్‌కు చెందాలని 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి సిఫారసు చేసింది.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. ఇక్కడి లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 1961 చట్టం ప్రకారం వేసినవి.

రిటైరైన రోజుల్లో ఒక్కసారిగా వచ్చే సొమ్ము పెద్దదిగా కనబడుతుంది. ప్రభుత్వ ఉద్యోగికి ఆ సొమ్ములో పన్ను పడేది దాదాపు ఏమీ లేదు. గ్రాట్యుటీ, జీపీఎఫ్ (భవిష్యనిధి), ఆర్జిత సెలవుల నగదు, కమ్యుటేషన్ సొమ్ము (పింఛనులో కొంత భాగానికి బదులు ముందే ఒక్కసారిగా తీసుకునేది) అన్నిటికీ పూర్తి మినహాయింపే. ప్రైవేటు ఉద్యోగికి ఆ ధీమా లేదు. అతని గ్రాట్యుటీకి 20 లక్షలు, సెలవుల నగదుకు 25 లక్షలు గరిష్ఠ పరిమితి. కమ్యుటేషన్‌లో గ్రాట్యుటీ కూడా అందుకుంటే మొత్తం పింఛనులో మూడో వంతు విలువకు, అందుకోకపోతే సగం విలువకు మినహాయింపు. ఒకే వీధిలో ఒకే మొత్తం అందుకున్న ఇద్దరికి రెండు రకాల లెక్క ఎందుకన్న ప్రశ్నకు చట్టంలో సమాధానం దొరకదు.

నెలనెలా వచ్చే పింఛను జీతంతో సమానం, పూర్తిగా పన్ను లెక్కలోకే వస్తుంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. ఉదాహరణకు బేసిక్ పింఛను 50,000 అనుకుందాం. 40 శాతం కమ్యూట్ చేస్తే నెలకు 20,000 తగ్గి 30,000 మిగులుతుంది. కరువు భత్యం మాత్రం అసలు బేసిక్ 50,000 మీదే కడతారు. అది 15,000 అనుకుంటే చేతికొచ్చేది 45,000. ఏడాదికి 5,40,000. పింఛను ఉత్తర్వులో 50,000 అని ఉందని అది పట్టుకుని లెక్కవేస్తే 7,80,000 అవుతుంది. రాని ఆదాయం 2,40,000 రిటర్న్‌లో చేరుతుంది. కమ్యూట్ చేసిన భాగం పదిహేనేళ్ల తర్వాత తిరిగి కలుస్తుంది, పన్ను లెక్కలోకీ అప్పుడే వస్తుంది.

ఇదే మనిషికి బ్యాంకు డిపాజిట్ల వడ్డీ 1,40,000 ఉందనుకుంటే, కొత్త పన్ను విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోను ఆదాయం 6,05,000. నాలుగు లక్షలు దాటిన 2,05,000 మీద 5 శాతం చొప్పున పన్ను 10,250. పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షల లోపు కాబట్టి రిబేటుతో అది సున్నా. పాత విధానంలో 50,000 ప్రామాణిక తగ్గింపు, వృద్ధుల వడ్డీకి మరో 50,000, ఆరోగ్య బీమా 25,000 తీసేసినా ఆదాయం 5,55,000 మిగిలి, సెస్సుతో కలిపి 21,840 కట్టాలి. పొదుపు పథకాల్లో లక్షన్నర దాకా పెట్టినా పాత విధానం ఈ స్థాయి పింఛనుదారుకి కొత్తదానికంటే లాభం కాదు.

కొబ్బరి తోట ఉన్నవారికి ఇంకో మెలిక. కాయల రాబడికి కేంద్రం పన్ను వేయదు. కానీ మిగతా ఆదాయం మినహాయింపు పరిమితి దాటి, తోట రాబడి 5,000 దాటితే ఆ రాబడిని కలిపి స్లాబు రేటు చూస్తారు. అలా వేసిన పన్ను కూడా పూర్తిగా రిబేటులో పోయేవారికి దీంతో తేడా రాదు, 12 లక్షలు దాటినవారికి భారం పెరుగుతుంది.

కరువు భత్యం బకాయిలు ఏళ్ల తర్వాత ఒక్కసారిగా పడితే ఆ ఏడాది ఆదాయం ఉబ్బుతుంది. సెక్షన్ 89 కింద వాటిని ఏ ఏడాదివి ఆ ఏడాదికి సర్ది ఊరట పొందవచ్చు. రిటర్న్ కంటే ముందు ఫారం 10ఈ దాఖలు చేయాలి. అది మరిచిపోతే ఊరట తిరస్కరిస్తూ నోటీసు వస్తుంది.

కుటుంబ పింఛను జీతం కాదు, ఇతర ఆదాయం. దానికి 75,000 తగ్గింపు వర్తించదు. అందుకున్నదాంట్లో మూడో వంతు, కొత్త విధానంలో 25,000 – ఈ రెంటిలో తక్కువది మాత్రమే తగ్గిస్తారు. 2004 సెప్టెంబర్ 1 నుంచి ఉద్యోగంలో చేరిన సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీం) వారికి రిటైరైనప్పుడు తీసుకునే 60 శాతానికి పన్ను లేదు. మిగిలిన 40 శాతంతో కొన్న యాన్యుటీ మీద ఏటా వచ్చేది పన్ను లెక్కలోకి వస్తుంది.

బండారులంక పేరు నిలబెట్టిన నేతకారుడికి ఈ చిక్కులేవీ లేవు. మగ్గానికి గ్రాట్యుటీ ఉండదు. యాభై ఏళ్లు నిండిన నేతకారుడికి ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి నెలకు 4,000. ఏడాదికి 48,000తో పన్ను గడప దాకా కూడా వెళ్లడు.

రాష్ట్రమే పింఛనుపై పన్ను వేసే పరిస్థితి అమెరికాలో ఉంది. పిల్లల దగ్గర స్థిరపడిన తల్లిదండ్రులకు అక్కడి రెసిడెంట్ హోదా వస్తే, ఉండేది టెక్సస్ అయితే రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. కాలిఫోర్నియా అయితే భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్ని ఆ రాష్ట్రం లెక్కలోకి తీసుకోదు. ఇండియాలో కట్టిన పన్నుకు తగ్గింపూ ఇవ్వదు.

ఇక్కడే ఉన్న 75 ఏళ్లు దాటినవారికి పింఛను, వడ్డీ తప్ప వేరే ఆదాయం లేకుండా ఆ రెండూ ఒకే బ్యాంకులో ఉంటే ఒక ధ్రువీకరణ ఇస్తే చాలు. పన్ను బ్యాంకే కోసుకుంటుంది, రిటర్న్ అవసరం లేదు. పోస్టాఫీసులో ఒక చిన్న డిపాజిట్ వేసి దాని వడ్డీ తీసుకున్నా ఈ వెసులుబాటు పోతుంది.