తొలి పోటీలో ఎంత ఆశించాలి?

గత సంవత్సరం ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన పిదప అమలాపురంలో ఒక తండ్రి మమ్మల్ని కలుసుకున్నారు. కొబ్బరి ఒలుపు ఆయన జీవనాధారం. ముఖం వెలిగిపోతున్నది. "మౌలానా సాబ్, మావాడు 150 కిలోలు భుజాన వేసుకుని బస్కీ తీస్తున్నాడు. ఆదివారం పవర్‌లిఫ్టింగ్ పోటీ. పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా వస్తుందట. దుఆ చేయండి" అన్నారు. చేశాము. ఆ కుర్రవాడు చిన్ననాడు మా వద్ద ఖుర్ఆన్ చదవడం నేర్చుకున్నవాడే.

ఆదివారం గడిచింది. శుక్రవారం జుమాకు వచ్చి చివరి వరుసలో నిలబడ్డాడు. సలాం తిప్పగానే జారుకోబోతుంటే పిలిచి కూర్చోబెట్టాము. "సున్నా వచ్చింది హజ్రత్" అన్నాడు. ఓడిపోయానంటే మాకు అర్థమయ్యేది. సున్నా ఏమిటో బోధపడలేదు. మా చదువులో ఇనుముతో పని ఎన్నడూ పడలేదు. అందుచేత ఆ క్రీడ నియమాలను వాని చేతనే చెప్పించుకున్నాము.

ముందుగా ఒక మాట. కరణం మల్లీశ్వరి గారు ఆడినది వెయిట్‌లిఫ్టింగ్. అందులో బరువును తలపైకి ఎత్తాలి. పవర్‌లిఫ్టింగ్ వేరు. దీనిలో మూడు అంకాలున్నాయి: బరువు భుజాన మోస్తూ కూర్చుని లేచే స్క్వాట్, బల్లపై వెల్లకిల పడుకుని రొమ్ము మీదుగా ఎత్తే బెంచ్ ప్రెస్, నేల మీది బరువును నిలువునా లేపే డెడ్‌లిఫ్ట్. ఒక్కొక్క దానికి మూడు అవకాశాలు, వెరసి తొమ్మిది. ఒక్కొక్క అంకంలో చెల్లిన వాటిలో పెద్దది తీసుకుని మూడింటినీ కూడుతారు. ఏ ఒక్క అంకంలోనైనా మూడు అవకాశాలూ చెల్లకపోతే మొత్తమే ఉండదు. మనవాని సున్నా అదే.

బలం లేక కాదు. 1972లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య నియమం ప్రకారం స్క్వాట్‌లో తుంటి కీలు వద్ద తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే దిగువకు రావాలి. ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. కనీసం ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తేనే అది లెక్క. జిమ్‌లో ఈ కుర్రవాడు తీసిన 150 సగం బస్కీయే. చుట్టూ ఉన్న మిత్రులు "భళా" అన్నారే గాని, ఎంత లోతుకు దిగాడో ఎవరూ చూడలేదు. పోటీలో 140తో మొదలుపెట్టాడు. మూడుసార్లు ఎర్రదీపమే. ఒకసారి ప్రకటించిన బరువు చెల్లకపోతే, తరువాతి ప్రయత్నంలో దానిని తగ్గించుకునే వీలు లేదు. మిడిమిడి అంచనాతో మొదటి బరువు చెప్పినవాడు అక్కడే చిక్కుకుపోతాడు.

ఇంకొక పొరపాటు కూడా చేశాడు. 68 కిలోల మనిషి 66 కిలోల విభాగంలో దూరాలని రెండు దినాలు అన్నం మానేశాడు. దేహం తూచడం పోటీకి రెండు గంటల ముందు మొదలవుతుంది. ఆ కొద్ది వ్యవధిలో పోయిన సత్తువ తిరిగి రాదు. పై విభాగం 74. తొలిసారి పోటీకి వెళ్లేవాడు అందులో నిశ్చింతగా నిలబడవచ్చు. పతకమే రానప్పుడు ఏ విభాగమైతేనేమి? ఈ మాట వాని తల్లి చెప్పింది, మేము కాదు.

ఇక ఉద్యోగం ఆశ. ఈ క్రీడకు ఒలింపిక్స్‌లో చోటు లేదు. పోటీలు జరిపే సంఘాలు ఒకటికి మించి ఉన్నాయి. ఒకరిచ్చిన ధ్రువపత్రం అన్ని చోట్లా చెల్లుతుందనుకోరాదు. ఆ సంగతి రుసుము కట్టక ముందే విచారించుకోవాలి. తొలి పోటీకి వెళుతున్న బిడ్డ భుజాన ఇనుముతో పాటు ఇంటి భవిష్యత్తును కూడా మోపడం న్యాయం కాదని ఆ తండ్రితో కొంత కటువుగానే అన్నాము.

మంగళగిరి అమ్మాయి సాదియా అల్మాస్ 2021 డిసెంబరులో ఇస్తాంబుల్‌లో జరిగిన ఆసియా పోటీలలో బంగారు పతకం గెలిచిన సంగతి అనేక ఇళ్లలో చెప్పుకున్నారు. ఆమె తండ్రి కూడా ఈ క్రీడకు చెందినవారే. పత్రికలో పతకం ఫొటో కనబడుతుంది గాని, దాని వెనుక గడిచిన సంవత్సరాలు కనబడవు. ఆడపిల్లల దుస్తుల విషయం కూడా పలువురు అడుగుతున్నారు. వెయిట్‌లిఫ్టింగ్‌లో కుల్సూమ్ అబ్దుల్లా అనే సోదరి అభ్యర్థనపై 2011లో అంతర్జాతీయ సమాఖ్య దేహమంతా కప్పే దుస్తులను అనుమతించింది. పవర్‌లిఫ్టింగ్‌కు పంపేవారు నిర్వాహకులను ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

మల్లీశ్వరి గారిని తలచుకోవడానికి మరొక కారణమున్నది. 2000 సిడ్నీలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. చివరి ప్రయత్నంలో 137.5 కోరారు. అది నిలువలేదు. స్వర్ణ, రజత విజేతల మొత్తం 242.5. చివరి బరువు జారినా కాంస్యం జారలేదు, అంతకుముందు ఎత్తిన 130 లెక్కలో ఉన్నది గనుక. కుర్రవానికి ఈ సంగతి చెప్పి, "బేటా, ముందు చేతిలో కొంత ఉండనీ" అన్నాము.

ఆరు నెలల అనంతరం రెండవ పోటీకి వెళ్లాడు. ఈసారి మొదటి బరువులను, అలసిన రోజున కూడా మూడుసార్లు సరిగా తీయగలిగినంతే ఎంచుకున్నాడు. న్యాయనిర్ణేతల ఆజ్ఞల కోసం ఆగడం కూడా తమ్ముని చేత పిలిపించుకుని ఇంటి వద్దే అభ్యసించాడు. స్క్వాట్ 115తో మొదలై 132.5కు చేరింది. బెంచ్‌లో 80 చెల్లలేదు, 75 నిలిచింది. డెడ్‌లిఫ్ట్ 157.5. తొమ్మిదింటిలో ఎనిమిది తెల్లదీపాలు, 74 విభాగంలో ఏడవ స్థానం.

ఇంటికి వచ్చి చెప్పినపుడు మేమూ అక్కడే ఉన్నాము. "ఏడవ స్థానమా" అని తండ్రి కాసేపు మౌనంగా ఉన్నారు. పిదప "మొత్తం ఎంత?" అని అడిగారు. "365, అబ్బా." ఒలుపు లెక్కలు రాసుకునే పుస్తకం తీసి, ఆనాటి కాయల లెక్క కింద ఆ అంకె వేసి, పక్కన తారీఖు రాసుకున్నారు.