ఇసుకనేల కూరపంటలకు నత్రజని యెరువులు



పలాస, టెక్కలి ప్రాంతములందును ఉద్దానపు తీరమందును కూరపంటలు వేయు రైతులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. యూరియా మేలా, అమ్మోనియం సల్ఫేటు మేలా, పిండియెరువు మేలా? నేలను బట్టియు, పంటను బట్టియు, వేయు అదనును బట్టియు ఫలము మారును. కావున ముందుగా వాని గుణములను తెలిసికొందము.

బస్తా ధరను గాక, అందలి నత్రజనిని చూడవలెను. నూటికి యూరియాలో 46 పాళ్లు, అమ్మోనియం సల్ఫేటులో సుమారు 21, వేరుసెనగ పిండిలో సుమారు 7, గెత్తములో సుమారు అర పాలు నత్రజని యుండును. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని గలదు. అంత నత్రజనికి అమ్మోనియం సల్ఫేటు సుమారు 100 కిలోలు, వేరుసెనగ పిండి సుమారు 300 కిలోలు, గెత్తము 4 టన్నులకు పైగా కావలెను. అయినను ఇసుకలో తేమను నిలుపు శక్తి గెత్తమునకే కలదు, యూరియాకు లేదు.

ఉద్దానపు ఇసుకనేలలో బంకమన్ను తక్కువ. యూరియా వేసిన కొద్ది దినములలో అమ్మోనియాగా మారి, పిదప నైట్రేటగును. నైట్రేటును ఇసుక పట్టియుంచజాలదు. పెద్ద వాన కురిసినచో వేరునకు అందక క్రిందికి దిగిపోవును. పైపైన చల్లి విడిచిన యూరియాలో కొంత ఆవిరియై గాలిలో కలియును. 2015లో దేశమున తయారగు యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేయుటలో ఒక ముఖ్యోద్దేశము ఈ నష్టమును తగ్గించుటయే. అమ్మోనియం సల్ఫేటు కొంత నిలకడగా పనిచేయును. గంధకమును గూడ ఇచ్చును గాన ఉల్లికి, ముల్లంగికి, కోసుకూరకు మేలు. కాని యేటేట దానినే వేసిన నేల పులియును. పిండియెరువు మెల్లగా కరగి, పంటకు పలుమారు అందును.

తోటకూర, పాలకూరలకు ఆకే పంట గాన నత్రజని వెంటనే ఫలమిచ్చును. వంగ, టమాటా, ఆనప, బీర పంటలకు మితిమీరినచో ఆకు దట్టమై పూత ఆలస్యమగును. లేత రెమ్మలను పేనుబంక, పచ్చదోమ ముసురును. చిలగడదుంపకు తీగ పెరిగి దుంప సన్నగిల్లును. మడి నల్లగా పచ్చబడిన మాత్రమున పంట పండినట్లు కాదు.

క్రిందికి దిగిన నైట్రేటు నూతినీటిలో చేరును. ఉద్దానమున మూత్రపిండ వ్యాధి పెక్కు కుటుంబములను బాధించుచున్నది. దాని కారణమింకను తేలలేదు గాన ఆ నిందను ఎరువులపై మోపుట న్యాయము కాదు. అయినను త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని భారత ప్రమాణము. మించిన నీరు పసిబిడ్డలకు మిక్కిలి హాని. మరగించినను అది పోదు. కావున నూతి చేరువ మడులలో ఎరువు మితముగా వేయుడు.

మా మాటను నమ్ముటకంటె మీ దొడ్డిలో పరీక్షించుట మేలు. ఒక్కొక్క సెంటు చొప్పున నాలుగు వంగమడులు కట్టుడు. గెత్తము, భాస్వరము, పొటాషు అన్నిటికి సమముగా వేయుడు. ఒక మడికి నత్రజని యెరువు వేయకుడు. రెండవదానికి యూరియా 870 గ్రాములు, మూడవదానికి అమ్మోనియం సల్ఫేటు సుమారు 1 కిలో 900 గ్రాములు, నాలుగవదానికి వేరుసెనగ పిండి 5 కిలోల 700 గ్రాములు. ఇవన్నియు ఎకరమునకు 40 కిలోల నత్రజని లెక్కయే. పిండిని చివరి దుక్కిలో కలుపుడు. తక్కిన రెంటిని మూడు భాగములు చేసి, మొక్కకు దూరముగా చాళ్లలో వేసి మన్ను కప్పి, తేలికగా తడి పెట్టుడు. భారీ వాన సూచనలున్న దినమున వేయకుడు.

కోసిన ప్రతిసారి కాయలను తూచి పుస్తకమున వ్రాయుడు. ఎరువు ఖర్చును దాని ప్రక్కనే వ్రాయుడు. ఆ లెక్కలను సంఘ సమావేశమునకు తెచ్చినచో, రాబోవు పంటకు ఏ యెరువు ఎన్ని బస్తాలు తెప్పించవలెనో సభ్యులందరు కలసి నిర్ణయింపవచ్చును. ఇసుకలో పోసిన సొమ్ము ఇసుకపాలు గాకుండుటకు ఇదియే దారి.