సంపెంగకు కత్తెర... ఎప్పుడు? ఎలా?

పెరట్లో ఒక్క సంపెంగ పూస్తే చాలు... ఆ సంగతి వీధి మొత్తానికీ తెలిసిపోతుంది. ఆ పరిమళం మీద మోజుతోనే జాగా ఉన్నా లేకున్నా ఓ మొక్క తెచ్చి ప్రహరీ పక్కన నాటేస్తుంటారు. కొన్నేళ్లు గడిచేసరికి అది మేడను దాటి కరెంటు తీగల్ని అందుకుంటుంది. అప్పుడు గొడ్డలి పట్టుకుని మనిషి వస్తాడు. నడినెత్తిన ఒకటే వేటు! చెట్టు చావదు. కానీ పూలు కరవవుతాయి, మానులో పుచ్చు మొదలవుతుంది.

అసలు సంపెంగకు కత్తిరింపు అవసరమా? అవసరమే. కాకపోతే చిన్న కోతలు, ముందుగానే పడాలి.

అడవి చెట్టు ఇది!

సంపెంగ శాస్త్రీయ నామం మాగ్నోలియా చంపక. పాత పుస్తకాల్లో మైకేలియా చంపక అని కనిపిస్తుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ చెట్టు అడవిలో 100 అడుగులు కూడా పెరుగుతుంది. ఇంటి ముందు అది పొదలా ఒదిగి ఉండాలనుకోవడం అత్యాశే.

వేపనో రావినో ఎక్కడ నరికినా తట్టుకుంటుంది. మాగ్నోలియా జాతుల తీరు వేరు. వీటికి పెద్ద గాయం పడితే బెరడు కమ్ముకోవడానికి చాలాకాలం పడుతుంది. ఈలోగా నీరు, శిలీంధ్రాలు లోపలికి చేరి చేవను తినేస్తాయి. నరికిన చోట గుత్తులుగా లేచే కొమ్మలు చూడ్డానికి ఏపుగా ఉన్నా వాటి పట్టు తక్కువ. గాలివానకు అవే ముందు విరిగిపడతాయి.

ఏ నెలలో?

పూలు తగ్గాక, వానలు వెనకబట్టాక, కొత్త చిగురు రాకముందు... ఇదీ లెక్క. తెలంగాణలో, ఉత్తర కోస్తాలో నవంబరు చివరి నుంచి జనవరి వరకు అనువైన కాలం. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడే నెల్లూరు ప్రాంతంలో జనవరి వరకు ఆగడం మేలు. ముసురులో కోస్తే గాయం ఆరదు. నడివేసవిలో కొమ్మలు తీసేస్తే అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు ఎండకు మాడుతుంది. ఎండిన, విరిగిన కొమ్మల్ని మాత్రం ఎప్పుడైనా తీసేయవచ్చు. తొలకరికి ముందే తీసేస్తే ఇంకా మంచిది.

ఎలా కోయాలి?

మొక్క మనిషెత్తు పెరిగాక నడినెత్తి చిగురును తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. ఆపై ఏటా కాస్త కాస్త సవరిస్తే చాలు. సంపెంగ మొగ్గ ఆకు మొదట్లో పుడుతుంది. అంటే ఆకులున్న లేత రెమ్మలు ఎన్ని ఉంటే పూలకు అంత అవకాశం. చివర్లను కొద్దిగా తుంచితే రెమ్మలు పెరుగుతాయి. గుండు చేస్తే పోతాయి. అంటు మొక్కయితే అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయాలి.

ముందుగా తీయాల్సినవి... ఎండినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి, లోపలి వైపు తిరిగినవి. బొటనవేలి మందం దాటని కొమ్మలతో సరిపెట్టుకోవడం ఉత్తమం. ఒకే ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయకూడదు.

లావు కొమ్మ తప్పనిసరైతే మూడు కోతలు వేయాలి. మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతుకు మొదటి కోత. దానికి కాస్త అవతల పై నుంచి రెండోది. దాంతో బెరడు చీలకుండా బరువంతా దిగిపోతుంది. మిగిలిన మోడును మూడో కోతతో తీయాలి. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఓ ఉబ్బు ఉంటుంది. గాయాన్ని మూసేది అదే. దాన్ని కోయకుండా, మోడు మిగల్చకుండా సరిగ్గా దాని అంచున రంపం పెట్టాలి.

గాయానికి తారో రంగో పూయాలా? అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లను నిలువునా కోసి పరిశీలించి, ఆ పూతలు పుచ్చును ఆపలేవని తేల్చారు. పదునైన రంపంతో వేసిన శుభ్రమైన కోతే అసలు మందు. కోశాక మొదట్లో తవ్వకూడదు. మాగ్నోలియా వేళ్లు మెత్తనివి, తేలిగ్గా దెబ్బతింటాయి. నీరు పెట్టి, ఎండుటాకులు పరిస్తే చాలు.

ఇప్పటికే ఎదిగిపోతే...

తలను ఒకేసారి తెగ్గొట్టొద్దు. ఏటా ఒకటి రెండు పొడవాటి కొమ్మల్ని, వాటికంటే పొట్టిగా ఉన్న పక్క కొమ్మ వరకు తగ్గిస్తూ రెండు మూడేళ్లలో ఎత్తు దించుకోవాలి. తీగలకు తగులుతుంటే సొంతంగా చెట్టెక్కకుండా విద్యుత్తు సిబ్బందికి చెప్పాలి.

అమెరికాలోని హ్యూస్టన్, అట్లాంటా లాంటి ఊళ్లలో ఇళ్ల ముందు కనిపించేది దీని చుట్టం మాగ్నోలియా గ్రాండిఫ్లోరా. దాని పెద్ద తెల్ల పువ్వు రెమ్మ చివరే పూస్తుంది. అక్కడి తెలుగువారు చివర్లను కంచెలా కత్తిరించారంటే పువ్వును కత్తిరించినట్టే!

మొక్కై వంగనిది మానై వంగదంటారు. సంపెంగ విషయంలో అది అక్షరాలా నిజం. కత్తెరతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకుంటే... పరిమళం తరాలపాటు పెరట్లోనే ఉంటుంది.