వానకాలపు జ్వరము – పేద కుటుంబపు నష్టము

"జలుబు జ్వరమే గదా, నాలుగు దినములలో తగ్గును" అని పలువురు ఇన్‌ఫ్లుయెంజాను లక్ష్యపెట్టరు. పెక్కుమందికి అది తగ్గును, నిజమే. కాని రెక్కాడినగాని డొక్కాడని ఇంటిలో ఆ నాలుగు దినములే పెద్ద నష్టము.

మన దేశమున ఈ వ్యాధి వానకాలమున ఒకసారి, చలికాలాంతమున మరియొకసారి హెచ్చును. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో వరినాట్లు సాగునదియు వానకాలముననే. అనగా చేతికి పని దొరకు దినములలోనే మనిషి మంచము పట్టుచున్నాడు. ఆకుకూరలు పండించు చిన్న రైతు మూడు దినములు లేవకున్న కోతకు వచ్చిన కూర ముదిరి బోయినపల్లి మార్కెట్టుకు పనికిరాదు.

నష్టమును లెక్కించి చూతము. దినకూలి 600 రూపాయలనుకొందము. 5 దినములు పని పోయిన 3,000. సేవ చేయుటకు భార్య 2 దినములు ఇంట నిలిచిన, ఆమెకును అదే కూలియైన, 1,200. మందులకు, ఆటోకు 1,000. మొత్తము 5,200 రూపాయలు. ఈ సొమ్మును నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 156, ఏడాదికి 1,872 రూపాయలు వడ్డీయే యగును. జ్వరము వారమున పోవును. అప్పు మాత్రము ఏడాది నిలుచును.

వృద్ధులు, గర్భిణులు, అయిదేండ్లలోపు బిడ్డలు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారు – వీరికి వ్యాధి ముదిరి న్యుమోనియాగా మారు ప్రమాదము హెచ్చు. ప్రపంచమున ఏటేట 2,90,000 మొదలు 6,50,000 మంది వరకు ఇందువలన మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటికి పైగా ప్రాణములను బలిగొన్నది.

ఇది వైరస్ వలన కలుగు వ్యాధి. యాంటీబయాటిక్ మందులు దీనిపై పనిచేయవు. కావున జ్వరము రాగానే ఇంజెక్షనుకు, సెలైనుకు సొమ్ము పోయుట వ్యర్థము. ఆయాసము, ఛాతీనొప్పి, మగత కలిగినను, బిడ్డ పాలు మానినను వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. వైరసును అణచు మందు మొదటి రెండు దినములలో వాడిననే మిక్కిలి గుణమిచ్చును.

టీకా కలదు. వైరస్ మారుచుండును గనుక దానిని ఏటేట వేయించుకొనవలెను. 2010లో హెచ్1ఎన్1 టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ సంస్థ శామీర్‌పేట చెంతనున్న జీనోమ్ వ్యాలీలోనిదే. అయినను ఫ్లూ టీకా సార్వత్రిక టీకాల పథకమున లేదు, కొని వేయించుకొనవలసినదే. ఇంటిలో అందరికి వేయించు శక్తి లేనిచో పైన చెప్పిన బలహీనులకు ముందుగా వేయించుట మేలు.

మేడ్చల్ కర్మాగారములలో ఇ.ఎస్.ఐ. గల కార్మికులు, చందా నిబంధనలకు లోబడి, వైద్యుని పత్రముతో అనారోగ్య భత్యము కోరవచ్చును. వేతనములో నూటికి 70 వంతులు, ఏడాదిలో 91 దినముల వరకు లభించును. ఈ హక్కు లేని కూలీలకు మేస్త్రీలు, యజమానులు రెండు దినముల విశ్రాంతి నిచ్చుట దయ మాత్రమే కాదు, లాభము కూడ. జ్వరముతో పనికి వచ్చిన ఒక్కడు ముఠా అంతటికి వ్యాధి నంటించును. దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొనుట, సబ్బుతో చేతులు కడుగుకొనుట – వీనికి కాసు ఖర్చు లేదు.